పరస్థలమున చదువుల ఖర్చు: వారములనుండి బ్యాంకు అప్పువరకు

మేము నలుబదియొక్క సంవత్సరములు ఒక కళాశాల కార్యాలయములో ఫీజుల కిటికీ వెనుక గుమస్తాగా పనిచేసితిమి. ఆ కిటికీగుండ మా చేతికి వచ్చిన విద్యార్థివేతనపు దరఖాస్తులలో తండ్రి పేరు, కులము, ఆదాయము అను గడులను పిల్లలు తడుముకొనక నింపుచుండెడివారు. ‘స్వస్థలము’ అను గడియొద్ద మాత్రము తెలుగింటి పిల్లల కలము ఆగిపోవుచుండెను. మూడు తరములుగా బళ్లారిలో ఉన్నవాడు బళ్లారి యని వ్రాయవలెనా, తాతగారు విడిచివచ్చిన గుత్తి తాలూకా గ్రామమును వ్రాయవలెనా? తలయెత్తి మా ముఖము చూచెడివారు. బళ్లారి యనియే వ్రాయుమని చెప్పెడివారము. అట్లు వ్రాసినంతమాత్రమున పని జరిగినదని మాత్రము చెప్పజాలము.

ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాయుడని సంఘమువారు కోరినప్పుడు మాకు ఆ గడియే జ్ఞాపకమునకు వచ్చినది. పరరాష్ట్రములలో స్థిరపడిన మన కుటుంబములలో పెద్ద చదువులకు సొమ్ము ఎవరిచ్చిరి, ఇచ్చినవారు బదులుగా ఏమడిగిరి అను రెండు విషయములను మాకు తెలిసినంతవరకు ఇచ్చట వ్రాయుచున్నాము. మేము మెట్రిక్యులేషనుతో ఆగినవారము, చరిత్రకారులము కాము. జీవితమంతయు చిట్టాలు వ్రాసిన అలవాటుచేత చరిత్రను గూడ జమాఖర్చుగా చూచితిమేమో, పెద్దలు మన్నింతురు గాక.

పూర్వము పట్టణమునకు వచ్చి చదువుకొను బీదపిల్లవానికి మొదటి ఖర్చు ఫీజు కాదు, అన్నము. అందులకై వారములు ఏర్పడినవి. ఏడుగురు గృహస్థులను ఆశ్రయించి, ఆదివారము ప్లీడరుగారింట, సోమవారము పంతులుగారింట, మంగళవారము మఱియొకరింట భోజనము కుదుర్చుకొని పిల్లవాడు చదువు సాగించెడివాడు. ఒక ఇంట మైల వచ్చినను, ఇంటివారు ఊరికి వెళ్లినను ఆనాటికి మంచినీళ్లే గతి. ‘వారాలబ్బాయి’ అను మాటలో జాలియు కలదు, చిన్నచూపును కలదు. ఆ యిల్లాండ్రు స్వస్థలమును అడుగలేదు, గోత్రమును అడిగిరి. కావున ఆ కాలమును తలచుకొని ఆనందభాష్పములు రాల్చువారితో మేము పూర్తిగా ఏకీభవింపలేము. అది ఒక కులమువారి పిల్లలకు మాత్రము తెరచిన తలుపు. నేతపని, కూలిపని చేయువారి పిల్లలకు ఆ తలుపు లేదు. అంటరానివారని దూరముంచబడిన ఇండ్ల పిల్లలకు బడిగుమ్మమే దూరము.

అన్నము దొరికినను పరీక్షఫీజు ఉండనే యుండెను. టంగుటూరి ప్రకాశము పంతులుగారి తల్లి ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపి పిల్లలను పెంచినది. కుమారుని పరీక్షకు మూడు రూపాయలు పుట్టక ఆమె తన పట్టుచీర తాకట్టు పెట్టినది. ఆ కుమారుడే 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రి యయ్యెను. మా బళ్లారి తెలుగువారికి ఆ తేదీ మఱియొక విధముగా జ్ఞాపకము. ఆనాడే అదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, బళ్లారి మైసూరునకును పోయినవి. దాని సంగతి ముందు వ్రాయుదుము.

పరస్థలపు తెలుగువారి చదువులలో మొదట చెప్పవలసినది మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి చదువు. వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతములోని మోక్షగుండము గ్రామమువారు. మైసూరు దేశమునకు వలసపోయి ముద్దేనహళ్లిలో స్థిరపడిరి. ఇంటిపేరులో మాత్రము ఊరు మిగిలినది. విశ్వేశ్వరయ్యగారు బాల్యములోనే తండ్రిని కోల్పోయి, బెంగుళూరులో మేనమామగారి ఆదరమున చదివిరి. సెంట్రలు కాలేజీలో చేరిన తరువాత తమ ఖర్చునకు తామే దారి చూచుకొనిరి. కొడగుదేశపు కుటుంబమొకదానిలో పిల్లలకు పాఠములు చెప్పి, ఆ సొమ్ముతో 1881లో బి.ఏ. ముగించిరి. ఇంజనీరింగునకు పూనా వెళ్లవలెను, అంత సొమ్ము పాఠములు చెప్పుటవలన రాదు. అప్పుడు మైసూరు ప్రభుత్వము విద్యార్థివేతనమిచ్చి పూనా సైన్సు కాలేజీకి పంపినది. 1883లో ఆయన పరీక్షలో ప్రథములుగా నెగ్గిరి.

ఇచ్చట మా గుమస్తాబుద్ధి ఒక లెక్క వేయకుండ ఉండలేదు. మైసూరు సొమ్ముతో చదివిన ఈ ఇంజనీరు 1884లో చేరినది బొంబాయి ప్రభుత్వపు కొలువున! సింధులోను, పూనా ప్రాంతములోను, ఇతర స్థలములలోను ఆయన కట్టిన నీటిపనుల ఫలము బొంబాయి రాజధానికి దక్కినది. మూసీ వరదల తరువాత హైదరాబాదునకు వచ్చి ఆ నగరరక్షణకు పథకములు వేసిరి. మైసూరునకు చీఫ్ ఇంజనీరుగా వచ్చినది 1909లో. అనగా విద్యార్థివేతనమిచ్చిన ప్రభుత్వము దాదాపు పాతికేండ్లు వేచియున్నదన్నమాట. 1912 మొదలు 1918 వరకు దివానుగా ఉండి 1913లో మైసూరు బ్యాంకును, 1916లో మైసూరు విశ్వవిద్యాలయమును వెలయించి ఆయన ఆ అప్పు తీర్చిరి. పాతికేండ్ల ఆలస్యముతో వచ్చిన ఇంత పెద్ద జమ ఏ చిట్టాలోను మేము చూడలేదు. అప్పటి ప్రభుత్వము, నీ పూర్వుల ఊరు మాది కాదుగదా యని ఆయన దరఖాస్తును త్రిప్పిపంపియుండిన ఏమగునో పాఠకులే ఊహింపవచ్చును.

సర్వేపల్లి రాధాకృష్ణపండితుల సంగతియు ఇట్టిదే. ఇంటిపేరు నెల్లూరిసీమ గ్రామమును చెప్పును, పుట్టినది 1888లో తిరుత్తణిలో. వేలూరు వూరీసు కాలేజీలోను, మద్రాసు క్రిస్టియను కాలేజీలోను విద్యార్థివేతనములమీదనే చదివిరి. తత్త్వశాస్త్రమును ఎన్నుకొనుటకు కారణము, చదువు ముగించిన బంధువొకరు తన పుస్తకములను ఈయనకిచ్చుటయే. కొనవలసిన పని తప్పినది. బీదరికము ఎన్నిన శాస్త్రములో ఆయన ప్రపంచప్రఖ్యాతి గాంచిరి. ఆయన భారత ఉపరాష్ట్రపతిగా ఉండగానే, 1960 ఏప్రిలు 1న, తిరుత్తణి ఆంధ్రప్రదేశమునుండి మద్రాసు రాష్ట్రమునకు మారినది. ఉపరాష్ట్రపతిగారి స్వస్థలమే రాష్ట్రము మారినప్పుడు సామాన్యుని సంగతి చెప్పవలెనా!

ఆ తరములోనే కట్టమంచి రామలింగారెడ్డిగారు ప్రభుత్వ విద్యార్థివేతనముతో కేంబ్రిడ్జికి పోయి చదివివచ్చిరి. బరోడాలో కొంతకాలము, మైసూరులో చాలకాలము పనిచేసి, అచ్చటి విద్యాశాఖకు అధిపతియైరి. 1926లో ఆంధ్రవిశ్వవిద్యాలయమునకు మొదటి ఉపాధ్యక్షులైరి. విశ్వవిద్యాలయము చట్టముతో పుట్టినది గాని, ప్రయోగశాలలకు సొమ్ము చట్టముతో పుట్టదు. ఆ సొమ్మిచ్చినవారు జయపురాధీశులు విక్రమదేవవర్మగారు. ఆంధ్రవిశ్వవిద్యాలయమునకు ఏటేట లక్ష రూపాయల చొప్పున ఇచ్చిన ఆ మహారాజు తెలుగునను, ఒడియాలోను గ్రంథములు రచించిన విద్వాంసులు. 1936 ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడి జయపురము, బరంపురము అందు చేరినవి. విశాఖపట్టణములోని విజ్ఞాన సాంకేతిక కళాశాల మాత్రము ఆయన పేరుతోనే నిలిచినది. సరిహద్దునకు ఆవలి సంస్థానపు సొమ్ముతో ఈవల తెలుగుబిడ్డలు రసాయనశాస్త్రము చదివిరి. ఒడిస్సాలోని తెలుగు కుటుంబములవారు ఆ పేరును తమ పిల్లలకు చూపవలెనని మా మనవి.

బరంపురమున లెక్క తిరుగబడినది. అక్కడి కళాశాలను ఖల్లికోట రాజావారు తమ దానముతో పోషించిరి, కళాశాలకు ఖల్లికోట యను పేరే నిలిచినది. బరంపురములో తెలుగింట పుట్టిన వరాహగిరి వేంకటగిరిగారు అచ్చట చదివి, 1913లో న్యాయశాస్త్రమునకై ఐర్లండు వెళ్లిరి, 1969లో రాష్ట్రపతియైరి. ఒడియారాజు సొమ్ము తెలుగుబాలునకు, జయపురపు సొమ్ము ఆంధ్రులకు. ఈ విషయములో మనవారు, పరులు అను మాట వాడుటకు మాకు నోరు రాదు.

రాజులు లేనిచోట మామగార్లుండిరి. ఇది సభలో చెప్పుకొను చరిత్ర కాదు గాని, మన ఇండ్లలో వైద్యులు, ప్లీడర్లు ఎంతమంది మామగారి సొమ్ముతో తయారైరో ప్రతికుటుంబమునకును తెలియును. పిల్లనిచ్చి చదివించుట యనిరి. యానామునకు చేరువనే అనపర్తి కలదు. అచ్చటి కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు తమ కుమార్తెను ఎల్లాప్రగడ సుబ్బారావుగారికిచ్చి, మద్రాసులో ఆయన వైద్యవిద్యకు సాయపడి, అమెరికా ప్రయాణమునకును సొమ్ము కూర్చిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకర్ ధర్మసంస్థవారు సహాయము వాగ్దానము చేసిరి. ఆ నాయకరుగారును తమ భాగ్యమును రంగూనులో ఆర్జించినవారు, అనగా ఆయనయు మనవలె పరస్థలవాసియే. సుబ్బారావుగారు బోస్టను చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేయుచు చదివిరి. ఆయన పరిశోధనలవలన ఎందఱు బ్రతికిరో లెక్కలేదు. కాని ఆయన 1948లో న్యూయార్కులో మరణించువరకు తిరిగి రాలేదు, ఆ యిల్లాలు భర్తను మఱల చూడలేదు. తండ్రి పెట్టిన పెట్టుబడికి వడ్డీ కట్టినది కూతురు. వరకట్నమను నేటి జాడ్యమునకు ఈ ఏర్పాటు ఒక వేరు అని మా నమ్మకము. కొడుకు చదువునకు అప్పు పుట్టినది, కూతురి పెండ్లికి అప్పు పుట్టినది, కూతురి చదువునకు మాత్రము పుట్టలేదు.

అట్లయినను దేశములో చదువునకై ఒక నియమబద్ధమైన అప్పు మొదటిసారి ఇచ్చినప్పుడు, దానిని పొందిన ఇద్దఱును స్త్రీలే. జంషెడ్జీ తాతాగారు 1892లో బొంబాయిలో నెలకొల్పిన నిధి విదేశవిద్యకు అప్పులిచ్చినది. తొలి ఇద్దఱును వైద్యవిద్యకు పోయిన మహిళలు. తీర్చిన సొమ్ము తరువాతి విద్యార్థికి పోవలెనని ఏర్పాటు. దానమైనచో ఒకనితో సరి, అప్పైనచో చేతులు మారును, పుచ్చుకొన్నవాని తలయు వంగదు. ఇట్టి నిధి మనవారు నాలుగుచోట్ల నెలకొల్పియున్నచో ఎంత బాగుండెడిది!

అప్పునకు బదులు సేవ కోరిన ప్రభువులును గలరు. బరోడా మహారాజు సయాజీరావు గాయక్వాడుగారు 1913లో అంబేడ్కరుగారిని కొలంబియాకు పంపుచు, తిరిగివచ్చి పదేండ్లు బరోడాలో పనిచేయవలెనని పత్రము వ్రాయించుకొనిరి. 1917లో ఆయన ఆ పత్రమును మన్నించి బరోడా వెళ్లగా, కులమును బట్టి ఆయనకు తలదాచుకొన ఇల్లు దొరకలేదు. అప్పు తీర్చుటకు వచ్చినవానిని తీర్చనీయని ఊరు అది.

మద్రాసులో కలవల కన్నన్ చెట్టిగారి ధర్మములవంటివి, షోలాపురములో మగ్గములపై బ్రతుకవచ్చిన పద్మశాలీ కుటుంబములు నెలకొల్పుకొన్న విద్యాసంస్థలు మొదలగువానిని గురించి ఆయా ఊళ్లవారే వివరముగా వ్రాయుట మేలు. మేము చిట్టాలు చూడని సంస్థలను గూర్చి అంకెలు చెప్పము.

ప్రభుత్వము కులమును, బీదరికమును చూచి సొమ్మిచ్చుట తరువాతి ఘట్టము. మైసూరులో 1918లో ప్రధాన న్యాయాధిపతి మిల్లరు దొరగారి అధ్యక్షతను ఏర్పడిన సంఘము, వెనుకబడిన వర్గములకు విద్యార్థివేతనములును, ఉద్యోగములలో భాగమును ఇవ్వవలెనని 1919లో తెలిపినది. ఉద్యోగములను జాతులవారీగా పంచుట విశ్వేశ్వరయ్యగారికి సమ్మతము కాలేదు. 1918లోనే వారు దివాను పదవి వదలిరి. ఆయన మహనీయత అట్లుండగా, తాను పూనా చేరిన మార్గము అన్ని ఇండ్లవారికి తెరచిలేదను సంగతి ఆయనకంటె మిల్లరుగారికే కనబడినదని మాకు తోచును. మైసూరులోని తెలుగు కులములు పెక్కింటికి ఆ తరువాతనే కాలేజీగుమ్మము పరిచయమైనది. దేశమంతటికి మెట్రిక్యులేషను తరువాతి చదువులకు విద్యార్థివేతనములు షెడ్యూల్డు కులములవారికి 1944లోను, తెగలవారికి 1948లోను, ఇతర వెనుకబడినవారికి 1949లోను ఏర్పడినవి.

ఇక 1953, 1956 సంవత్సరములలో సరిహద్దులు మారినప్పుడు ఇల్లు కదలకుండగనే రాష్ట్రము మారినవారిలో మేమును ఉన్నాము. మా తండ్రిగారు బళ్లారిలో దర్జీ. ఆయన కుట్టుమిషను ఒక్క అంగుళము కదలలేదు. అయినను మద్రాసు రాష్ట్రములో పెండ్లాడి, మైసూరు రాష్ట్రములో మమ్ము కని, కర్ణాటకములో కన్నుమూసెను. 1956లో రాజ్యాంగసవరణచే భాషాల్పసంఖ్యాకులకై ఒక ప్రత్యేకాధికారి ఏర్పడెను. ప్రాథమిక పాఠశాలలో మాతృభాషాబోధకు రాజ్యాంగము దారి చూపెను. కాని కాలేజీఫీజు ఏ భాషలో కట్టినను ఒక్కటే.

1963లో కేంద్రప్రభుత్వము జాతీయ ఋణ విద్యార్థివేతనములను ప్రారంభించినది. వడ్డీ లేదు. ఏటికి 720 రూపాయలు మొదలు 1,750 రూపాయల వరకు ఇచ్చుచుండిరి. చదివి ఉపాధ్యాయుడైనచో ప్రతి సంవత్సరపు సేవకు అప్పులో పదవవంతు మాఫీ. పదేండ్లు పాఠములు చెప్పినవాని అప్పు పాఠములతోనే తీరును. ఇంతకంటె చక్కని పథకము మాకు తెలియదు. అయినను వసూళ్లు సరిగా జరుగలేదు, 1991లో అది ఆగిపోయినది. పుచ్చుకొన్నవారు చిరునామాలు మార్చిరి, వసూలు చేయవలసినవారు చిట్టాలు మార్చలేదు. ఈ రెండవ తప్పు మావంటి గుమస్తాలది గూడ.

మేము 1975లో ఎస్.ఎస్.ఎల్.సి. మొదటితరగతిలో నెగ్గితిమి. బి.ఎస్సీ. చదివి ఉపాధ్యాయుడు కావలెనని కోరిక. ఋణ విద్యార్థివేతనమునకు దరఖాస్తు పెట్టగా, ఆస్తిగల పూచీదారుని సంతకము కావలెననిరి. మా పెదనాన్నగారికి గుత్తి తాలూకాలో ఆఱెకరముల మెట్టభూమి కలదు. ఆయన పట్టాకాగితములు గుడ్డసంచిలో పెట్టుకొని రైలెక్కి వచ్చిరి. కార్యాలయములోని ఉద్యోగి కాగితములు త్రిప్పి చూచి, ఆస్తి పరరాష్ట్రములో ఉన్నది, చెల్లదు, ఈ రాష్ట్రములో ఆస్తి కలవానిని తీసికొనిరండు అనెను. ఈ రాష్ట్రములో మాకున్న ఆస్తి కుట్టుమిషను. మా తండ్రిగారు ఇద్దఱు వర్తకులను అడిగిరి. ఒకరు రేపు రమ్మనిరి, మఱియొకరు మా యెదుటనే లేరనిపించుకొనిరి. గడువు దాటినది. నింపని ఆ పూచీపత్రము ఇప్పటికిని మా పెట్టెలో కలదు. పెదనాన్నగారు తిరుగురైలు ఎక్కునప్పుడు, నేల నేలేగదరా, అది రాష్ట్రమెట్లు చూచినది అని అడిగిరి. మేము జవాబు చెప్పలేదు. మూడేండ్ల తరువాత గుమస్తాగా చేరితిమి. ఆ సంగతి తలచుకొని కాలేజీలో ఏ పిల్లవాని దరఖాస్తునైనను గడువునకు ముందు రెండుమార్లు చదువుట అలవాటు చేసికొంటిమి.

ఆ ఉద్యోగిని నిందింప మేము వ్రాయలేదు. ఆయన చేతిలో నియమమున్నది, నియమములో సరిహద్దున్నది. అట్టి సరిహద్దులు అవతలివైపునను లేచినవి. 1974నాటి రాష్ట్రపతి ఉత్తర్వుచే ఆంధ్రప్రదేశములో విద్యాలయప్రవేశములకు స్థానికుడు, స్థానికేతరుడు అను విభాగము వచ్చినది. అచ్చటనే వరుసగా కొన్నియేండ్లు చదివినవాడు స్థానికుడు. కావున రైలెక్కిన కొలదిసేపటికి చేరెడి అనంతపురములో మా బళ్లారి తెలుగుపిల్లవాడు స్థానికేతరుడు. 2008లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము బీదవిద్యార్థుల కాలేజీఫీజు తానే కట్టుటకు పూనుకొన్నప్పుడు మా వీధిలో ఎంతో సంతోషము కలిగినది. తీరా చూడగా అది అచ్చటివారికే. మాతృభాష అచ్చట, ఫీజు ఇచ్చట.

ఇంతకంటె కష్టము వలసవచ్చిన షెడ్యూల్డు కులముల, తెగల కుటుంబములది. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగమును బట్టి తొమ్మిదవయేట బొంబాయి చేరి, అచ్చటనే చదువుకొన్న ఒక విద్యార్థి, ఆంధ్రప్రదేశములో తెగగా గుర్తింపబడిన తన వర్గపు హక్కుతో వైద్యకళాశాలలో స్థానము కోరినాడు. అతనిని కాదనగా వ్యాజ్యము ఉన్నతమ న్యాయస్థానమువరకు పోయినది. ఒక రాష్ట్రములో గుర్తింపబడిన కులముగాని తెగగాని వలసపోయినవానితో మఱియొక రాష్ట్రమునకు ఆ హక్కును తేజాలదని 1990లో న్యాయస్థానము నిర్ణయించినది. ప్రతి రాష్ట్రములో ఏ వర్గము ఎంత వెనుకబడియున్నదో అచ్చటి పరిస్థితినిబట్టి చూడవలెనను తర్కము కాదనరానిదే. అయినను తండ్రికి ఉన్న పత్రము కొడుకునకు పనికిరాకపోవుట ఆ యింట ఎట్లుండునో న్యాయశాస్త్రము చెప్పదు.

కావుననే, బ్యాంకు అప్పు వచ్చినప్పుడు మేము దానిని మిగిలినవారివలె ఈసడింపలేదు. బ్యాంకు పిల్లవాని కులమడుగదు, తాతగారి ఊరడుగదు. తిరిగి కట్టునా యని మాత్రమే అడుగును. 2001లో బ్యాంకుల సంఘము చదువుల అప్పులకు ఒక మాదిరిపథకము సిద్ధపఱచినది. దేశములో చదువునకు 7.5 లక్షలు, విదేశవిద్యకు 15 లక్షలు పరిమితి. 4 లక్షల వరకు తాకట్టుగాని అన్యుల పూచీగాని అక్కఱలేదు. చదువు ముగిసిన సంవత్సరమునకు, లేదా ఉద్యోగము దొరకిన ఆరునెలలకు వాయిదాలు మొదలు. తరువాత ఈ పరిమితులు పెరిగినవి. 2009లో, ఏటికి నాలుగున్నర లక్షలలోపు ఆదాయముగల కుటుంబముల పిల్లలకు చదువుకాలపు వడ్డీని కేంద్రప్రభుత్వము భరించుట మొదలిడినది.

కాగితము మీది నియమము వేఱు, బల్లమీది మాట వేఱు. 2004లో మా అమ్మాయికి ఇంజనీరింగులో స్థానము వచ్చినది. నాలుగేండ్లకు 2,40,000 రూపాయల అప్పు కోరితిమి. బ్యాంకు శాఖ యొకదానిలో అధికారి, పూచీదారుని తెండు, లేదా అంతసొమ్ము డిపాజిటు చేయుడు అనిరి. అంతసొమ్ము ఉన్నచో అప్పు ఏల? ఇరువదితొమ్మిదియేండ్లనాటి మాట మఱల చెవినబడినట్లయినది. ఈమారు మేము దర్జీకొడుకుగా పోలేదు, గుమస్తాగా పోతిమి. పథకపు నకలు సంపాదించి, నాలుగు లక్షల నియమమున్న పంక్తి క్రింద ఎఱ్ఱసిరాతో గీతగీసి, విన్నపమునకు జతచేసి, అందినట్లు ముద్ర వేయించుకొంటిమి. నాలుగవమారు వెళ్లినప్పుడు అప్పు మంజూరైనది. అధికారి మర్యాదగానే మాటలాడిరి. ఆ పంక్తి వారు అదివఱకు చదివినట్లు లేదు.

అప్పు తీపి కాదు. 2008లో అమ్మాయి చదువు ముగియునప్పటికి ప్రపంచమంతట ఉద్యోగములు కుదించుకొనిపోయినవి. పదునాలుగు నెలలు పని దొరకలేదు, వడ్డీ మాత్రము ప్రతిదినము పనిచేసినది. 2009నాటి వడ్డీ సహాయము ఆమెకు అందలేదు. అల్లునివైపువారు, అప్పుతో వచ్చు కోడలా యని ఒకమారు నవ్వుచు అనిరి. నవ్వినను మాట మాటే. ఆమె తన జీతములోనుండియే నెలనెల కట్టి 2015లో ముగించినది. బ్యాంకువారిచ్చిన బాకీ లేదను పత్రము మా చేతికిచ్చి, నాన్నగారూ, ఇది మీ పెట్టెలో పెట్టుడు అన్నది. నింపని ఆ పూచీపత్రము పైననే పెట్టితిమి.

నేటి పిల్లలకు దారులు పెరిగినవి, చిక్కులును పెరిగినవి. 2024 నవంబరు 6న కేంద్రప్రభుత్వము అంగీకరించిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకము ప్రకారము, ఎంపికచేసిన ఉన్నతశ్రేణి విద్యాసంస్థలలో స్థానము పొందినవారికి తాకట్టుగాని పూచీగాని లేకుండ అప్పు దొరకును. ఏటికి 8 లక్షలలోపు ఆదాయముగల, ఇతర సహాయము పొందని కుటుంబములకు 10 లక్షల వరకు అప్పుపై నూటికి 3 వంతు వడ్డీ తగ్గింపు. ఆ జాబితాలో లేని కళాశాలలో చేరిన పిల్లలకు పాతపథకమే శరణ్యము. మన పిల్లలలో పెక్కుమంది చేరునది అట్టి కళాశాలలలోనే. తమిళనాడులో, కుటుంబమున మొదటి పట్టభద్రులగు వారికి వృత్తివిద్యలలో ఫీజు తగ్గింపు 2010నుండియు, ప్రభుత్వ పాఠశాలలలో చదివిన బాలికలకు కళాశాలలో నెలకు 1,000 రూపాయలు 2022నుండియు ఏర్పడినవి. యానామువారు పుదుచ్చేరి నివాసపత్రము మీద అచ్చటి ప్రభుత్వ సహాయమును పొందవచ్చును. వీనిలో ఏదియు, నీ ఇంట ఏ భాష మాటలాడుదువని అడుగదు. అందఱును అడుగునది నివాసమును, చదివిన పాఠశాలను గూర్చియే. మనవారు ఇది గ్రహింపక, తెలుగువారమని దాచుకొనుటయు, తెలుగువారమని రెండువైపుల దరఖాస్తు పెట్టి రెండింటను చిక్కుకొనుటయు మేము చూచితిమి. ఒకే చదువునకు రెండు రాష్ట్రముల నివాసపత్రములు పెట్టుట తప్పు, చిక్కినచో మొదటిదియు పోవును.

మా ఊరి సంఘభవనములో ప్రతి ఆదివారము ఉదయము పదిగంటలనుండి ఒంటిగంటవఱకు మేము కూర్చుండుచున్నాము. రుసుము లేదు. దరఖాస్తు నింపించుకొనదలచినవారు మొదటితరగతినుండి చదివిన పాఠశాలల ధ్రువపత్రములు, తాసిల్దారుగారి ఆదాయపత్రము, నివాసపత్రము, ప్రవేశము లభించిన కళాశాలవారి ఫీజుపట్టిక, బ్యాంకు పాసుపుస్తకము మొదటిపుట నకలు రెండేసి ప్రతులు తీసికొనిరావలెను. బాలికలను వెంటబెట్టుకొని రండు, తండ్రియే వచ్చి సంతకము చేయునని వారిని ఇంట నిలుపవలదు. స్వస్థలపు గడి ఖాళీగా ఉంచి తెండు, దానిని మాయెదుట వ్రాయవచ్చును.